సున్నాకు ఎడమ పక్క ముల్లు

ముల్లు మళ్లీ ఎడమకు వాలింది. వాలిందా, బండి గుంతలో పడి లేచినందుకు ఊగిందా, ఊగితే తిరిగి సున్నా మీదికి రావాలి కదా, రాలేదు, సున్నాకు జొన్నగింజంత ఎడమగా ఆగి అక్కడే వణుకుతోంది. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు, లైట్లు వెయ్యలేదు, వైపర్లు ఆడడం లేదు, హారన్ మీద రమణ చెయ్యి లేదు, పాటలపెట్టెను నేనే బంద్ చేయించాను. ఇంజను తిరుగుతుంటే కరెంటు బ్యాటరీలోకి పోవాలి, ముల్లు కుడికి ఉండాలి. ఎడమకు ఉందంటే బ్యాటరీలోంచి బయటికి పోతోంది. ఏదో తాగుతోంది. అన్నీ బంద్ ఉన్న బండిలో ఏది తాగుతోంది? డ్యాషుబోర్డు మీది ఈ కరెంటు మీటరు చిన్నది, పాత రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది, నలుగురు మనుషులం ఉన్న ఈ బండిలో దాన్ని చూస్తున్నది నేనొక్కడినే.

తోలుతున్నది రమణ, పెండ్లికొడుకు దోస్తు. వెనక సీట్లో పెండ్లికొడుకు అరవింద్, తెల్లబట్టల మీద పసుపు అంటకుండా మోచేతులు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. అతని పక్కన మేనత్త బాలమ్మ, ఒడిలో పుస్తెమట్టెల పళ్లెం. ఇంట్లో దేవుని ముందర నుంచి ఆ పళ్లెం ఎత్తుకున్న ఆడిబిడ్డ చేతులే సిరిసిల్లలో పందిట్లో దాన్ని దించాలి, నడుమ చేతులు మారొద్దు, దారిలో ఆమె నేల మీద కాలు పెట్టొద్దు, అది వాళ్లింటి పట్టింపు. చుట్టాల బస్సు మాకంటే ముందే కోరుట్ల నుంచి వెళ్లిపోయింది. జగిత్యాల దాటాం, కొడిమ్యాల దిక్కు పోతున్నాం, రోడ్డు పక్కన మక్క కంకులు ఆరబోసి ఉన్నాయి, మనుషులు కనబడడం లేదు. నేను చుట్టాన్ని కాను. ఈ అంబాసిడర్ వైరింగు చేసినవాణ్ని. నర్సు కాకా ముందు సీట్లో ఉంటే బండికి భయం లేదన్నారు, కొత్త అంగీ ఇచ్చి ఎక్కించుకున్నారు. అంగీ మెడ దగ్గర కోస్తోంది.

వాసన ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. మల్లెపూలు ఉన్నాయి, అరవింద్ దుబాయి నుంచి తెచ్చుకున్న సెంటు ఉంది, డ్యాషుబోర్డు మీద దేవుని బొమ్మ ముందు బాలమ్మ ముట్టించిన ఊదుబత్తులు ఉన్నాయి, ఒకటి అయిపోగానే ఇంకొకటి గుచ్చమని రమణకు చెబుతూనే ఉంది. వీటన్నింటి కింద, చాప కింద నీళ్లలాగ, ఇంకొకటి. అమీనుద్దీన్ ఉస్తాద్ నాకు ముందు నేర్పింది వైరు పట్టుకోవడం కాదు, వాసన పట్టుకోవడం. జగిత్యాలలో ఆయన రేకుల షెడ్డు, నా కండ్ల మీద గ్రీజు గుడ్డ కట్టి ముక్కు కింద ఏదో ఒకటి కాల్చేవాడు. కొత్త వైరు ప్లాస్టిక్కు పుల్లగా ముక్కు లోపల గీరుతుంది. ఫ్యూజు డబ్బా నల్ల బేకలైటు కాలితే మురిగిన చేప. పాత బండ్లలో వైరుకు గుడ్డ తొడుగు ఉంటుంది, అది కాలితే వాసన మంచిగా ఉంటుంది, ఇస్త్రీపెట్టె కింద కొంచెం ఎక్కువసేపు ఉండిపోయిన పాత చీర లాగ, అమ్మ లాగ, ఇల్లు లాగ. నాకు ఆ వాసన నచ్చిందని చెబితే ఉస్తాద్ నవ్వలేదు. "గీ వాసనకు ఎవడు ఉరకడు బేటా. గందుకే గిది మనుషులను మింగుతది," అన్నాడు. నేను ఇప్పుడు ఊపిరి పీలుస్తున్నాను. మల్లె. సెంటు. ఊదు. చీర. బాలమ్మది పట్టుచీర, ఎండ తగిలి వేడెక్కితే దానికీ ఒక వాసన ఉంటుంది. అదే అయి ఉండాలి. అదే అయితే బాగుండు.

రెండుసార్లు ఆపించాను. మేడిపల్లి దాటగానే ఒకసారి, కాళ్ల దగ్గరికి వంగి, డ్యాషు కింద చెయ్యి పెట్టి తడిమితే చేతికి ఏమీ తగల్లేదు, వైర్లు నిద్రపోతున్న పిల్లల కడుపులాగ గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. నాకు సిగ్గేసింది. జగిత్యాల దాటాక రెండోసారి, ఈసారి బానెట్ మీద పరిచిన పూలచాప పక్కకు జరిపి లేపాను. ఇంజనుకు, మా కాళ్లకు నడుమ ఉన్న రేకు గోడకు ఫ్యూజు డబ్బా ఉంది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, వైర్లు తగిలించే ఇత్తడి చెవులు, రెండు గాజు ఫ్యూజులు. నేను ఈ బండి మూత మొదటిసారి తీసిననాడు ఆ చెవులు కనబడనే లేదు, పచ్చగా, తెల్లగా, నాచు పట్టిన ఎముకల్లా ఉండె. నిమ్మకాయతో రుద్ది, వేన్నీళ్లు పోసి, గరుకు కాగితంతో గీకి బంగారం లాగ చేశాను. ఇప్పుడు ఒక ఫ్యూజు గాజు కనబడడం లేదు, దాని చుట్టూ వెండి కాగితం మెరుస్తోంది.

"సిగరెట్టు కాగితం ఎవలు పెట్టిండ్రు?"

"నేనే కాకా," రమణ నవ్వాడు. "రాత్రి పాటలు పెడితె ఫ్యూజు ఎగిరింది. ఇంకోటి పెట్టిన, గదీ ఎగిరింది. ఊకె ఎగురుతాంటె ఎవడు మారుస్తడు? ఇగ ఎగరది సూడు."

ఎగరదు. ఫ్యూజు ఎగరడమంటే, నా దగ్గర ఏదో తప్పు జరుగుతోంది అని బండి చెప్పడం. దాని నోట్లో కాగితం కుక్కాడు. నేను కాగితం తీసి కొత్త ఫ్యూజు వేశాను, అది ఎగరలేదు, మంచిదే అనుకున్నాను, అప్పుడు చూశాను, డబ్బా మీద, రేకు గోడ మీద, వైరు కట్ట మీద కుంకుమ కలిసిన నీళ్లు ఎర్రగా జారి ఉన్నాయి.

"గీ నీళ్లేంది?"

బాలమ్మ కిటికీలోంచి మెడ చాపింది. "కొబ్బరికాయ నీళ్లు. నా తమ్ముని బండికి నేను కొబ్బరికాయ కొట్టద్దా? నువ్వు పానాలు పెట్టి బిగిచ్చినవు, నేను పసుపు పెట్టిన. నీకేమన్న నొస్తుందా నర్సూ?"

"లోపట పొయ్యద్దక్కా."

"మా తమ్ముడు ఉన్నన్ని రోజులు లోపటనే పోసిండు. ఒక్కనాడన్న ఆగిందా బండి? నువ్వు చేసినంకనే గదా గిట్ల ఆగుడు పట్టింది. ఇగ ఆపద్దు సెప్తున్న. రెండుపార్లు అయ్యింది. మూడోపారి ఆపితె గది మంచిది గాదు, నా పళ్లెం మీద ఒట్టు."

అరవింద్ తల దించుకుని నవ్వాడు. "కాకా, జర నిమ్మలంగ కూసో నువ్వు. నా కంటె నీకే ఎక్కువ పరేషాన్ ఉన్నది." రమణ పూలచాప సర్ది, ఈసారి దారంతో కాదు, బైండింగ్ వైరు తెచ్చి బానెట్ మీదుగా బంపరు ఈ కొస నుంచి ఆ కొసకు లాగి బిగించాడు. "ఇగ సిరిసిల్ల దాక ఎవ్వడు తెర్వలేడు," అని నన్ను చూసి కన్ను కొట్టాడు. నేను ఎక్కి కూర్చున్నాను. ఆ తర్వాత నుంచి ముల్లు చూస్తున్నాను.

ప్రతి దసరా పోయాక నా షెడ్డు ముందు వరుస కడతాయి, ట్రాక్టర్లు, ఆటోలు, పసుపు మోసే డీసీఎం వ్యాన్లు, అన్నింటికీ ఒకటే రోగం, పచ్చటి చెవులు. చక్రం ముందు కొట్టే కాయతో ఏమీ కాదు, ఇంజను మీద పోసే నీళ్లతోనే. ఉప్పు, తీపి కలిసిన నీళ్లు ఇత్తడిని నములుతాయి. ఎందుకైందని అడుగుతారు, నేను చెప్పను, దేవునికి కొట్టిన కాయ వద్దని ఏ నోటితో చెప్పాలి, గీకి, కడిగి, వ్యాజలీను పూసి పంపిస్తాను. అరవింద్‌కు మాత్రం చెప్పాను. ఎనిమిదేండ్లు పసుపు బస్తాల కింద పడి ఉన్న బండి, ఎలుకలు సగం వైర్లు తిన్నాయి, ఇంజను పక్క వైర్లన్నీ మార్చాను, డ్యాషు వెనక ఉన్న పాత కట్ట అట్లనే ఉంది, దాన్ని మార్చాలంటే డ్యాషంతా ఊడదియ్యాలి, వారం పైన పడుతుంది అని చెప్పాను. "బాపు బండ్లనే పోవాలె కాకా, లగ్గం తారీకు మారది గదా, గదైనంక తీరిపారిగ చేద్దాం," అన్నాడు. సరే అన్నాను. నేను ఎప్పుడూ సరే అంటాను. రేణుక, నా భార్య, అంటుంది, నువ్వు వైర్లతో మాట్లాడినంత నాతో మాట్లాడితే నేను రాణిని అయ్యేదాన్ని అని. మాట నాకు ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి వినేవాళ్లు లేచి పోతారు.

ఆ రేకు గోడకు ఒక కంత ఉంటుంది, దాంట్లోంచే వైరు కట్ట మా దిక్కుకు వస్తుంది. కంత చుట్టూ రబ్బరు వాచరు ఎండి రాలిపోయింది, అట్లాంటిది ఎక్కడా దొరక్క సైకిలు ట్యూబు ముక్క కోసి చుట్టాను. నీళ్లు గోడ మీద జారితే ట్యూబు ఆపుతుంది. కానీ గుడ్డ తొడుగు వైరు వెంబడి వస్తే ఎవరు ఆపాలి? దీపంలో వత్తి నూనె పీల్చినట్టు గుడ్డ ఆ నీళ్లను పీల్చుకుని లోపలికి తెచ్చి ఉంటుంది, డ్యాషు వెనకకు, మీటరు వెనకకు, దేవుని బొమ్మ వెనకకు. అక్కడ మందంగా ఒక గోధుమరంగు వైరు ఉంటుంది. బండి మొత్తానికి కరెంటు తెచ్చే తల్లివైరు అది. దానికి ఫ్యూజు లేదు. బండి కట్టినవాళ్లు ఇవ్వలేదు. అది రేకుకు రాసుకుని తాగడం మొదలుపెడితే ఏదీ ఎగరదు, తాళం తిప్పినా ఆగదు, బ్యాటరీ క్లిప్పు చేత్తో పీకితేనే ఆగుతుంది. బ్యాటరీ బానెట్ కింద ఉంది. బానెట్ మీద బైండింగ్ వైరు ఉంది.

జొన్నగింజంత కాదు ఇప్పుడు, మక్కగింజంత.

ఎప్పుడో, గొల్లపల్లి రోడ్డు మీద కాలిన జీపు ఒకటి. ఉస్తాద్ నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పోయాడు, నాకు అప్పటికి మీసం లేదు. బండి నల్లగా, వంకర లేకుండా, రోడ్డు పక్కన బుద్ధిగా నిలబడి ఉండె, ఎవరో పెయింటు వేసినట్టు. లోపల ఉన్నవాళ్లను అప్పటికే తీసుకుపోయారు, సీట్ల స్ప్రింగులు మాత్రం మనుషులు కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాయి. ఉస్తాద్ డ్యాషు కింద చెయ్యి పెట్టి తీసి నా అరచేతిలో పోశాడు, రాగి, కరిగి గట్టిపడి ఆవాల లాగ. ఇంకా వేడిగా ఉంటాయనుకున్నాను, చల్లగా ఉన్నాయి. తలుపులకు ఏమీ కాలేదు, గడియలు మంచిగానే ఉన్నాయి. బతికి బయటపడిన ఒక్కామె తర్వాత దవాఖానలో చెప్పిందట, వాసన అందరికీ వచ్చింది, ఎవరో ఒకరు అంటారు కదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం, చుట్టాల ముందు పిరికివాళ్లం అవుతామని ఎవరూ అనలేదు.

నేను రమణ ముఖం చూశాను. ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. కదిలాయా? అతను అద్దంలో అరవింద్‌ను చూసి ఏదో అన్నాడు, అరవింద్ నవ్వాడు, నవ్వుతూ ముక్కు కింద వేలితో రుద్దుకున్నాడు. వీళ్లకూ వస్తోంది. బాలమ్మ కండ్లు మూసుకుని ఉంది. ఈ సీట్లోనే, తమ్ముడు బుచ్చన్న, అరవింద్ బాపు, తోలుతుండగా, మెట్‌పల్లి నుంచి వానలో నొప్పులతో వచ్చిందట ఆమె, వాగు పొంగితే బస్సులు ఆగిపోయాయి, ఈ బండి ఆగలేదు, బిడ్డ కోరుట్ల దవాఖాన గడపలో పుట్టింది. ఈ సంగతి పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పింది. తమ్ముడు పోయాడు, తమ్ముడి చేతులు పట్టుకున్న స్టీరింగు ఉంది, ఆమెకు ఇది రేకు కాదు. ఈ బండి తనను ఏమీ చెయ్యదు అనుకుంటోంది. నేను మాత్రం ఎవరిని, పైసలు తీసుకుని వైర్లు కట్టినవాణ్ని. మూడోసారి ఆపి ఏమీ లేకపోతే? లగ్గం గడియ తప్పితే? కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఒకటే మాట, నర్సు పెండ్లిబండిని మూడుసార్లు ఆపిండట అని, ఆ తర్వాత పెండ్లిపిల్లకు జ్వరం వచ్చినా నా పేరే, గొడవ పడ్డా నా పేరే. ఇంకొంచెం పోదాం. వేములవాడ దగ్గరపడుతుంది, అక్కడ మనుషులు ఉంటారు, నీళ్లు ఉంటాయి. ఇంకొంచెం. ఆ జీపులో ఉన్నవాళ్లు కూడా ఇదే అనుకుని ఉంటారు, ఇంకొంచెం అని.

మోకాలి మీద వేడి. ఎండ ఎడమ కిటికీలోంచి వస్తోంది, వేడి కుడి మోకాలికి. చెయ్యి ఎత్తి, వెనకభాగం డ్యాషు అడుగుకు ఆనించాను, జ్వరం ఉన్న పిల్లవాని నుదురు చూసినట్టు. తీసేశాను. చర్మం దానంతటదే తీసేసుకుంది.

"ఆపు."

"మళ్లేందే కాకా?"

"ఆపు రమణా."

"ఆపకు," వెనక నుంచి బాలమ్మ, కండ్లు తెరవకుండానే. "పోనియ్యి నువ్వు. గాయనకు శాతగాక గిదంత."

చెయ్యి చాపి తాళం తిప్పి, పీకి, గుప్పిట్లో పెట్టుకున్నాను. ఇంజను నోరు మూసుకుంది, బండి తన బరువుతో తానే కొంత దూరం దొర్లింది, టైర్ల కింద మక్కలు పటపటమన్నాయి, రమణ బూతు మాట అన్నాడు, బ్రేకు తొక్కాడు. ఆగింది. నేను దిగి ఉరికాను, జేబులో కటింగ్‌ప్లేరు ఎప్పుడూ ఉంటుంది, బైండింగ్ వైరు కత్తిరిస్తే పాము లాగ లేచి చెంప మీద కొట్టింది, పూలచాప రోడ్డు మీద పడింది, బానెట్ లేపి బ్యాటరీ క్లిప్పు పట్టుకుని తిప్పి లాగాను. నిప్పురవ్వ ఒకటి. అయిపోయింది. కిటికీలోంచి వంగి చూశాను, ముల్లు సున్నా మీద నిలబడి ఉంది, కదలకుండా, చచ్చిన పురుగు లాగ.

ఊపిరి వదిలాను. అరవింద్ దిగి నా భుజం పట్టుకున్నాడు, కోపం లేదు అతని చేతిలో, భయం ఉంది. రమణ రోడ్డు మీద పడిన పూలను చూస్తూ తిడుతున్నాడు. కరెంటు లేదు, ఇక ఏమీ కాదు, చల్లారేదాకా ఆగి, ఆ కట్ట తెంపేసి, ఇంజనుకు ఒక్క వైరు వేసి, మెల్లగా తీసుకుపోవచ్చు, గడియకు అందుకోవచ్చు కూడా. అప్పుడు వచ్చింది వాసన. తగ్గలేదు. ఎక్కువైంది, ఇప్పుడు చీర కాదు, గోనెసంచి. డ్యాషు వెనక, కాళ్ల కింద, రేకు గోడంతా జనపనార పట్టా అతికించి ఉంటుంది ఈ బండ్లలో, ఇంజను వేడి లోపలికి రాకుండా. కరెంటు పోయినా దానికి కబురు అందలేదు. అది అంటుకుంది. దానికి ఇక నా వైర్లతో పని లేదు.

"అక్కా, దిగు."

"దిగ. నా కాళ్లు కింద పెట్టనని నీకు ఎన్నిపార్లు జెప్పాలె?"

"పొగ అస్తుంది అక్కా."

"ఊదుబత్తి పొగ గది. నన్ను బెదిరిస్తున్నవా? కరెంటు పీకినవు గదా, ఇగ ఏందట?" పళ్లేన్ని రెండు చేతులతో ఒడిలోకి ఇంకా దగ్గరికి తీసుకుంది. ఆమె వెనక సీట్లో ఉంది, ముందు సీటు వీపు అడ్డం, దాని అవతల పొగ సన్నగా, నీలంగా, నేను కూర్చున్న చోటు నుంచే లేచి ఊదుబత్తి పొగతో కలిసి పైకి పోతోంది, రెండింటికీ తేడా చెప్పలేకుండా. "అత్తమ్మా, దిగే," అరవింద్ అన్నాడు. ఆమె అతని ముఖం కూడా చూడలేదు. "నువ్వు ఊకో బిడ్డా. మీ బాపు బండి గిది." పట్టి లాగితే సీటు పట్టుకుంటుంది, గట్టి మనిషి, పెనుగులాటకు సమయం ఉందో లేదో నాకు తెలియదు.

తలుపు తెరిచి, వంగి, ఆమె ఒడిలోంచి పళ్లెం తీసుకున్నాను.

ఆమె నోట్లోంచి వచ్చింది మాట కాదు. నేను ఆ ఇంటివాణ్ని కాను, నా చేతులకు గ్రీజు, బ్యాటరీ యాసిడు. పళ్లెం పైకెత్తి పట్టుకుని రోడ్డు మీద కొడిమ్యాల దిక్కు నడిచాను. "ముట్టకు! ముట్టకురా, నీ చేతులిరుగ! అరవిందూ, పట్టురా వాణ్ని!" తలుపు కొట్టుకున్న చప్పుడు. తారు మీద బరువైన అడుగులు, చెప్పులు లేని అడుగులు. దిగింది. ఉరికితే ఆమె అందుకోలేనని ఆగిపోతుంది, తిరిగి పోయి బండిలో కూర్చుని ఏడుస్తుంది. ఆగితే పళ్లెం గుంజుకుని తిరిగి పోయి బండిలోనే కూర్చుంటుంది. అందుకే నడుస్తున్నాను. వెనక "కాకా, బండి!" అని రమణ కేక, ఎండిన కందికట్టె విరిగినట్టు చిటచిట, నా వీపుకు కొత్త అంగీలోంచి వేడి తగులుతోంది, అది ఎండ కాదు. తిరిగి చూడను. ఆమె తిట్లు నా మెడ వెనకే ఉన్నాయి, నా వంశాన్ని తిడుతోంది, నా చేతిపనిని తిడుతోంది, తిట్టు అక్కా, ఆపకు, పళ్లెంలో పుస్తెలు మట్టెలకు తగిలి మోగుతున్నాయి, ఆమె చేతికి జానెడంత ముందు నేను నడుస్తున్నాను, అందకుండా, అందదు అని ఆమె ఆగిపోకుండా.